విశ్వవిద్యాలయముల పేర్లు, ముద్రలు

విశ్వవిద్యాలయ ముద్రను కేవలాలంకారముగా నెంచువారు పెక్కండ్రు గలరు. మా యభిప్రాయ మది కాదు. పట్టాపై నున్న పేరును ముద్రయు విద్యార్థికి సంస్థ యిచ్చిన సాక్ష్యము. ఆతడు జీవితాంతము దానిని చూపవలసియుండును. కావున వానిని మార్చుట గోడకు సున్నము వేయుటవంటిది కాదు.

ఆంధ్ర విశ్వకళాపరిషత్తును చూడుడు. అది 1926లో బెజవాడలో వెలసి, 1930లో వాల్తేరునకు తరలినది. స్థలము మారినను పేరు మారలేదు. దాని ముద్రను కట్టమంచి రామలింగారెడ్డిగారి సూచనల ననుసరించి కౌతా రామమోహనశాస్త్రిగారు రచించిరి. ఉదయభానుడు విద్యాపీఠమునకును, కిరణములు శాస్త్రశాఖలకును, పద్మము లక్ష్మీసరస్వతులకును, సర్పయుగళము జ్ఞానమును కాపాడువారికిని కోరువారికిని గుర్తులు. చిహ్నములు కొంచె మెక్కువయే. చిన్న యచ్చులో నన్నియు స్ఫుటముగా తెలియవు. అయినను ఉపనిషత్తునుండి గైకొన్న సూక్తి ఆ లోపమును తీర్చుచున్నది. అది శిష్యుని చదువు మాత్రమే గాక గురుశిష్యు లిరువురి చదువును తేజోవంతము కావలెనని కోరును. గురువును నిత్యవిద్యార్థియే యను నీ భావము నేటికిని పాతబడలేదు.

ఇక బెజవాడలోని ఆరోగ్యవిజ్ఞాన విశ్వవిద్యాలయము సంగతి. 1986లో స్థాపింపబడిన దానికి 1998లో నందమూరి తారకరామారావుగారి పేరు పెట్టిరి. 2022లో దానిని తీసి వై. యస్. రాజశేఖరరెడ్డిగారి పేరుంచిరి, 2024లో మరల మొదటివారి పేరే తెచ్చిరి. 2021లో వైద్యవిద్యకు చేరిన బాలిక చదువు ముగియకమున్నే పేరు రెండుమారులు మారినది. ఆమె విద్యలో దీనివలన హెచ్చిన దేమి? ఆ నాయకు లిరువురి గౌరవమునకును మేము వెలితి కోరము. ఒకరి పేరు తుడిచి వేరొకరి పేరు వ్రాయుటవలన ఎవరి కీర్తియు పెరుగదని మాత్రమే మా మనవి.

మార్పెల్ల దోషమనియు మే మనము. 1982లో వెలసిన సార్వత్రిక విశ్వవిద్యాలయమునకు 1991లో, శతజయంతి సంవత్సరమున, అంబేద్కరుగారి పేరు పెట్టిరి. కళాశాల గడప తొక్కలేనివారికి చదువు చేర్చు సంస్థ కా పేరు తగియున్నది. అచ్చట పేరు సంస్థయొక్క పనిని చెప్పుచున్నది.

కావున పేరు మార్పదలచినవారిని మన మొక్క ప్రశ్న యడుగవలెను: ఇది చదువుకొనువారి కొఱకా, పాలించువారి కొఱకా? మహనీయుల స్మృతికి గ్రంథాలయములు కట్టవచ్చును, పేదపిల్లలకు విద్యార్థివేతనము లీయవచ్చును. పట్టాపై పేరును మాత్రము ప్రభుత్వము మారినపుడెల్ల మార్పకుందురు గాక.