అర పెసెటా

హెమింగ్వే కథ ‘ఎ క్లీన్, వెల్-లైటెడ్ ప్లేస్’ని తెలుగు చేద్దామని ఆర్నెల్లుగా కుస్తీ పడుతున్నాను. నాలుగైదు పేజీల కథ. డిక్షనరీ తీయాల్సిన మాట దాదాపు ఒక్కటీ లేదు. అయినా మొదటి పేజీ దాటడం లేదు. ఒక కారణం చిన్న సర్వనామం. రెండో కారణం జూబ్లీహిల్స్‌లో ఒక బార్‌లో నేను పెట్టుకున్న గొడవ. ఈ రెండిటికీ సంబంధం ఉందని ఈ మధ్యే తెలిసొచ్చింది.

చదవనివాళ్ల కోసం కథ టూకీగా. 1933 మార్చిలో స్క్రిబ్నర్స్ మ్యాగజైన్‌లో వచ్చింది. స్పెయిన్‌లో ఒక కేఫ్. బాగా పొద్దుపోయింది. అందరూ వెళ్లిపోయారు, చెట్టు నీడలో కూర్చుని బ్రాందీ తాగుతున్న ఒక చెవిటి ముసలాయన తప్ప. ఇద్దరు వెయిటర్లు ఆయన ఎప్పుడు లేస్తాడా అని చూస్తున్నారు. కిందటి వారం ఆయన ఆత్మహత్య చేసుకోబోయాడని వాళ్ల మాటల్లో తెలుస్తుంది. కుర్ర వెయిటర్‌కి ఇంట్లో భార్య ఎదురుచూస్తోంది. ఏ రోజూ తెల్లవారుజామున మూడింటిలోపు పక్క మీదికి చేరలేదతను. ముసలాయన ఇంకో బ్రాందీ అడిగితే, గ్లాసు పొర్లి సాసర్లోకి కారేలా విసురుగా పోస్తాడు. వినపడదని తెలుసు కాబట్టి, కిందటి వారం పని పూర్తయి ఉంటే బాగుండేదని మొహం మీదే అనేస్తాడు. చివరికి ఇక లేదు పొమ్మంటాడు. ముసలాయన లేచి, సాసర్లు లెక్కపెట్టుకుని, తోలు పర్సు తీసి డబ్బు కట్టి, అర పెసెటా టిప్పు పెట్టి, కొంచెం తూలుతూనే అయినా హుందాగా వెళ్లిపోతాడు.

(సాసర్ల సంగతి: ప్రతి డ్రింకుతోపాటు ఒక సాసరొస్తుంది, బల్ల మీద పోగైన సాసర్లే బిల్లు. మన ఇరానీ హోటళ్లలో ప్లేటు నిండా ఉస్మానియా బిస్కెట్లు పెట్టి, తిన్నవాటికే లెక్క కట్టే పద్ధతి గుర్తొచ్చింది నాకు. ఇద్దరి మధ్యా కాగితం అక్కర్లేని రోజులు.)

తర్వాత పెద్ద వెయిటర్ దీపాలార్పి, ఒంటరిగా నడుస్తూ, ప్రార్థనలో చాలా మాటల స్థానంలో శూన్యాన్ని పెట్టి చదువుకుంటాడు. అక్కడి నుంచి ఒక బార్‌కి వెళ్తాడు. క్లాసులో మాకు చెప్పిందంతా ఈ భాగం గురించే. వెలుగు, చీకటి, శూన్యం. పెద్ద వెయిటర్ దయగలవాడు, జీవితం తెలిసినవాడు. కుర్రాడు మోటు మనిషి, యవ్వనం మత్తులో ఉన్నవాడు. నేనూ పరీక్షలో అదే రాసి మంచి మార్కులే తెచ్చుకున్నాను.

ఇక నా బార్ సంగతి. ముగ్గురం వెళ్లాం. నేను, ఇంకో అమ్మాయి, ఒక ఫ్రెండు. కౌంటర్ దగ్గర కూర్చున్నాం. బార్‌టెండర్ మొదటి నుంచీ మా ఫ్రెండుతోనే మాట్లాడుతున్నాడు. మేడంకి ఏం కావాలంట అని అతన్నడుగుతాడు, నేను మూరెడు దూరంలో ఉండగా. రెండోసారి ఐస్ వద్దన్నా వేశాడు. చెప్తే భుజాలెగరేశాడు. పన్నెండు కావస్తుండగా, “లాస్ట్ ఆర్డర్ అయిపాయె. క్లోజ్” అని మా తలల మీదుగా అనేసి పెద్ద లైట్లు వేసేశాడు. బిల్లొచ్చింది. 330 రూపాయల చొప్పున నాలుగు కాక్‌టెయిల్స్ ఉండాల్సిందేమో అన్నట్టు, అన్నిటికన్నా కింద ఇంకో 330. సర్వీస్ ఛార్జ్, పది శాతం.

నేను ఫోన్ తీశాను. 2022 జులైలో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ, హోటళ్లు సర్వీస్ ఛార్జిని వాటంతటవే బిల్లులో కలపకూడదని మార్గదర్శకాలిచ్చింది. హోటళ్ల సంఘాలు కోర్టుకెళ్తే, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు ఆ మార్గదర్శకాలనే సమర్థించింది. ఇదంతా అతనికి చదివి వినిపించాను. పబ్లిక్‌గా, కాస్త గట్టిగా. అది మాకే పంచుతారు మేడం అన్నాడు. నమ్మలేదు. మేనేజరొచ్చి తీసేశాడు. కొత్త బిల్లు నా ముందు పెడుతూ బార్‌టెండర్ అన్న మాట: “పర్లేదు మేడం, మీకే అవసరమున్నట్టుంది.”

టిప్పు పెట్టలేదు. క్యాబ్‌లోనే ఒక స్టార్ రివ్యూ రాశాను. అతని బ్యాడ్జి మీది పేరు కూడా రాశాను.

ఇంటికొచ్చి, నిద్ర పట్టక, అనువాదం ఫైల్ తెరిస్తే ఎదురుగా కుర్ర వెయిటర్ బ్రాందీ ఒలకబోస్తున్నాడు. అదే విసురు, అదే మాట తీరు. హెమింగ్వే దాన్ని గమనించాడు కూడా. తాగినవాళ్లతో, పరాయి దేశస్థులతో మాట్లాడేటప్పుడు తెలివితక్కువవాళ్లు వాక్యాన్ని ఎలా కుదించేస్తారో, ఇతను అలా మాట్లాడాడంటాడు. ఆ రాత్రి నాకు ఆ వ్యాఖ్య అమృతంలా ఉంది. చూశావా, రచయిత నా పక్షమే అనుకున్నాను.

మర్నాడు పొద్దున మళ్లీ చదివితే, పేజీ కూడా తిరక్కుండా ఇంకో చోట ఆగాను. సీసా కొనుక్కుని ఇంట్లో తాగొచ్చు కదా అంటాడు కుర్రాడు. అది వేరు, ఇది వేరు అంటాడు పెద్దాయన. కుర్రాడు వాదించడు, నిజమే అని ఒప్పుకుంటాడు. అక్కడ కథకుడు చెప్పేది, అతనికి అన్యాయంగా మాట్లాడాలని లేదు, తొందరలో ఉన్నాడు, అంతే అని. ఒక చోట తెలివితక్కువవాడన్న కథకుడే ఇక్కడ ఆగి అతని తరఫున సాక్ష్యం చెప్తున్నాడు. ఇన్నేళ్లూ మొదటి వ్యాఖ్యకి గీత గీసుకున్నాను, రెండోదాన్ని దాటేశాను. కథ నిజానికి ఈ రెండు వ్యాఖ్యల మధ్య నలుగుతోందని ఇప్పుడనిపిస్తోంది. శూన్యం సంగతి తర్వాత.

సీసా కొనుక్కుని ఇంట్లో తాగడం. బయట తాగడానికయ్యే ఖర్చు గురించి ఇంతకన్నా సూటి ప్రశ్న లేదు. ఒక ఫుల్ బాటిల్లో 750 ఎం.ఎల్., అంటే పన్నెండున్నర లార్జిలు. బార్‌లో మూడు నాలుగు లార్జిలకిచ్చే డబ్బుతో వైన్స్‌లో అదే ఫుల్ చాలాసార్లు వచ్చేస్తుంది. మందు జీఎస్టీ కిందికి రాదు, రాష్ట్రం వేసే వ్యాట్ కిందే ఉంది. అందుకే బిల్లులో చికెన్ 65కి ఒక పన్ను, పెగ్గుకి ఇంకో పన్ను. మరి మిగతా డబ్బు దేనికి? కుర్చీకి, ఏసీకి, పసుపు బల్బులకి. వైన్స్ పక్కన పర్మిట్ రూమ్‌లో ప్లాస్టిక్ గ్లాసు, వాటర్ ప్యాకెట్, పల్లీలతో నిలబడి తాగేవాడు కొనుక్కోలేనిది అదే. పెద్ద వెయిటర్ కూడా ఈ తేడానే పట్టుకుంటాడు. రాత్రంతా తెరిచుండే సారా అంగళ్లు ఉన్నాయిగా అంటే, ఇది శుభ్రంగా ఉంటుంది, వెలుతురుంటుంది అంటాడు. ఎవరికో ఒకరికి ఈ కేఫ్ అవసరపడుతుందేమోనని ప్రతి రాత్రీ మూయడానికి మనసొప్పదంటాడు.

గొప్ప మాటే. కానీ ఆ వెలుతురు ఉండాలంటే ఎవడో ఒకడు మూడింటిదాకా మెలకువగా ఉండాలి. పెద్దాయనకి ఇంట్లో ఎవరూ లేరు, నిద్రా పట్టదు. అతని దయకి అతను కట్టే ధర తక్కువ. కుర్రాడు కట్టేది ఎక్కువ. ఇద్దరికీ జీతం ఒకటేనో కాదో కథ చెప్పదు. నేను లైట్లు వేసేసినందుకు కోపగించుకున్న ఆ పన్నెండింటికి ఆఖరి మెట్రో ఎప్పుడో వెళ్లిపోయింది. అతను గ్లాసులు కడిగి, కౌంటర్ తుడిచి, ఏ లిఫ్టు పట్టుకుని ఇంటికెళ్లాడో. ఐస్ విషయంలో, నాతో కాకుండా మా ఫ్రెండుతో మాట్లాడిన విషయంలో ఇప్పటికీ నాకు కోపం పోలేదు. అది వేరే లెక్క. తొందర మాత్రం వేరు, మగ పొగరు వేరు. ఆ రాత్రి రెండిటినీ ఒకే బిల్లులో వేసి 330 రూపాయలు కొట్టేయించాను.

ఇప్పుడు అర పెసెటా. తనని వెళ్లగొట్టినవాడికి ముసలాయన టిప్పు పెట్టాడు. తిట్టు వినపడలేదు కదా అనొచ్చు. ఒలికిన బ్రాందీ కనపడింది కదా. ఇక లేదు పొమ్మనడమూ అర్థమైంది. అయినా పెట్టాడు. దీన్ని విమర్శకులు హుందాతనం అంటారు. నాకు దీన్ని తెలుగులో ఏ మాటతో చెప్పాలో తెలియలేదు. బక్షీసు అంటే మెప్పుతో పైనుంచి కిందికి పడేది. ఇనాం కూడా అంతే, దొరతనం వాసన. మామూలు అంటే కింద నుంచి పైకి, ఇవ్వకపోతే పని జరగనిది. చాయ్ పైసలు దగ్గరగా ఉంది, కానీ అది అడిగి పుచ్చుకునేది. యూరప్ భాషల్లో తమాషా ఏంటంటే, ఈ మాటల్లో కొన్ని తాగుడులోంచే పుట్టాయి. ఫ్రెంచిలో పూర్‌బ్వార్, జర్మన్‌లో ట్రింక్‌గెల్ట్, రెండిటికీ అర్థం తాగడానికిచ్చేదనే. స్పానిష్ మాట ప్రొపీనా కూడా ఒకరి ఆరోగ్యం కోరుతూ తాగడమనే పాత అర్థంలోంచి వచ్చింది. నేను తాగాను, నువ్వూ తాగు అని. మెచ్చుకోలు కాదు, వాటా.

డాలస్‌లో ఉన్న నా క్లాస్‌మేట్‌తో ఇదంతా చెప్తే నవ్వింది. అక్కడ టిప్పు వచ్చే ఉద్యోగులకి యజమాని చేతి నుంచి ఇవ్వాల్సిన కనీసం గంటకి 2.13 డాలర్లు, 1991 నుంచీ అదే. టిప్పులతో కలిపి మామూలు కనీస వేతనానికి చేరకపోతే మిగతాది యజమాని పూడ్చాలి. కాబట్టి స్క్రీన్ మీద 20 శాతం నొక్కినప్పుడు దయ చూపిస్తున్నట్టు కాదు, పక్కోడి జీతంలో ఒక ముక్క తను ఇస్తున్నట్టనిపిస్తుందట. “బాగా మాట్లాడలేదని తగ్గిస్తే, మూడ్ బాలేదని మా మేనేజర్ నా జీతం కోసినట్టుంటుందే” అంది. అక్కడికెళ్లిన కొత్తలో తనూ రూపాయల్లోకి మార్చుకుని సున్నా పెట్టి పారిపోయేదట.

ఇక సర్వనామం. ఇంగ్లిష్‌లో ముసలాయన్ని ఇద్దరు వెయిటర్లూ ఒకే మాటతో పిలుస్తారు. పైగా చాలా సంభాషణల్లో ఎవరు మాట్లాడుతున్నారో రచయిత చెప్పడు. ఆత్మహత్య సంగతి ఎవరికి ముందు తెలుసు, ఎవరు ఎవరికి చెప్పారు అన్నది లెక్క కట్టబోతే ఒకచోట తప్పుతుంది. విమర్శకులు దీనిమీద ఏళ్ల తరబడి కొట్టుకున్నారు. హెమింగ్వే పోయాక, 1965లో స్క్రిబ్నర్స్ ఒక వాక్యాన్ని ఒకరి నోట్లోంచి తీసి ఇంకొకరి నోట్లో పెట్టింది. అది దిద్దుబాటా, పాడుచేయడమా అన్నది ఇంకా తేలలేదు.

తెలుగులో ఈ దాగుడుమూతలు కుదరవు. వాడు, అతను, ఆయన. నోరు తెరిచిన మరుక్షణం ఎవరో తెలిసిపోతుంది. కర్తని ఎగ్గొట్టి ‘తాగాడు, వెళ్లాడు’ అని నెట్టుకురావచ్చు, రెండు పేజీలు అలాగే చేశాను. కానీ ఒక చోట ఇరుక్కున్నాను. ముసలాయన నిరాశకి కారణమేమీ లేదని ఒకరంటే, నీకెలా తెలుసని ఇంకొకరు అడుగుతారు. జవాబు, డబ్బు దండిగా ఉందిగా అని. ఈ మాట ‘వాడికి’తో మొదలైతే కూలివాడి కసి. ‘ఆయనకి’తో మొదలైతే వెటకారమో, బాధో. ఇంగ్లిష్‌లో రెండూ ఒకేసారి ఉన్నాయి. నేను ఒకటి ఎంచుకోవాలి. ఇన్నాళ్లూ కుర్రాడి నోట్లో ‘వాడు’ పెట్టాను, తేలిగ్గా, అతని మోటుతనానికి అదే సరిపోతుందని. అలా పెట్టినప్పుడల్లా నేను మళ్లీ ఒక స్టార్ ఇస్తున్నట్టే ఉంది.

కథ చివర్లో పెద్ద వెయిటర్ బార్‌కి వెళ్లినప్పుడు అక్కడి బార్‌మన్ ఏం కావాలంటాడు. శూన్యం అంటాడితను. ఇంకో పిచ్చోడొచ్చాడని బార్‌మన్ మొహం తిప్పుకుంటాడు. వెలుతురు బాగుంది కానీ కౌంటర్ సరిగ్గా తుడవలేదని ఇతను అంటే, జవాబు కూడా ఇవ్వడు. రాత్రంతా మర్యాద గురించి మాట్లాడినవాడు గిరాకీగా మారిన నిమిషంలో కౌంటర్ శుభ్రం గురించి ఫిర్యాదు చేశాడు, అందరు గిరాకీల్లాగే. ఇంకోటి కావాలా అంటే వద్దని వెళ్లిపోతాడు. ముసలాయన పెట్టిన అర పెసెటాని అంత కచ్చితంగా చెప్పిన కథ, ఇతను టిప్పు పెట్టాడో లేదో చెప్పదు.

మూడు నెలల తర్వాత ఆ బార్‌కి మళ్లీ వెళ్లాను. కౌంటర్ వెనక వేరే అబ్బాయి ఉన్నాడు. పాతతని గురించి అడిగితే, మానేశాడు మేడం అన్నాడు. ఎందుకంటే తెలీదన్నాడు. నా రివ్యూ వల్లేనని అనుకోవడం నన్ను నేను మరీ పెద్దదాన్ని చేసుకోవడమే, కాదని అనుకోవడానికీ ఆధారం లేదు. అక్కడే కూర్చుని రివ్యూ తీసేశాను. అప్పటికే అది 38 మందికి ఉపయోగపడిందట, కింద చూపిస్తోంది.

నిన్న రాత్రి ఫైల్ తెరిచి, చివరి బార్‌మన్ చేత పెద్ద వెయిటర్‌ని ‘నువ్వు’ అనిపించాను. కుర్రాడి నోట్లో ‘వాడు’ని ‘అతను’ చేశాను. పొద్దున చదివితే ‘అతను’ మరీ మెత్తగా ఉంది. మళ్లీ తీసేసి, ఆ చోట ఖాళీ వదిలి, రెండో పేజీలోకి వెళ్లాను.