ఊరంతా మోసే దేవతలు

ఆషాఢం రాగానే నిజామాబాద్ జిల్లా నవీపేట్‌లో శనివారం మేకల సంతకు మొక్కులవాళ్లు ఎక్కువవుతారు. నోరు తెరిచి పళ్లు చూస్తారు, నడుము మీద చెయ్యేసి కండ పట్టి చూస్తారు, చెవికీ కాలికీ ఏమైనా లోపం ఉందా అని వెతుకుతారు. అమ్మవారికి ఇచ్చేదానిలో వంక ఉండకూడదు మరి. బేరం తెగితే మేక ఆటో ఎక్కుతుంది. ఆ మేకల్లో కొన్ని నిజామాబాద్ ఊర పండుగకు వెళ్తాయి.

ఊర పండుగను బోనాలకు ఇంకో పేరనుకునేవాళ్లు ఉన్నారు. బోనం మనం గుడికి మోసుకెళ్లేది. ఇక్కడ దేవతలే బజారుకు వస్తారు. పండుగకు ముందు వడ్ల పనివాళ్లు కర్రతో గ్రామదేవతల మూర్తులు చేసి రంగులు వేస్తారు. ఆషాఢంలో ఒక ఆదివారం వాటిని ఖిల్లా నుంచి ఎత్తుకుని, పాత బజార్ల మీదుగా వినాయక్‌నగర్ వైపు, దుబ్బ వైపు ఊరేగిస్తారు. పోచమ్మ రూపాలే ఒకటికి మించి ఉంటాయి. వాటితో పాటు తొట్లె (ఊయల) కూడా కదులుతుంది. శిల్పశాస్త్రం కొలతలు ఈ బొమ్మల్లో వెతకొద్దు. ఇవి జనం తలల మీదుగా, దూరం నుంచి కనబడాల్సినవి. అందుకే కళ్లు పెద్దవి, రంగులు గట్టివి.

డప్పు దగ్గర కాసేపు నిలబడి చూడాలి. వానాకాలం గాలి తేమకు తోలు వదులైపోతుంది, దెబ్బ మొద్దుబారుతుంది. అందుకని వాయించేవాళ్లు గడ్డి మంట వేసి డప్పును దాని ముందు తిప్పుతూ కాస్తారు. ఎక్కువ కాస్తే తోలు పగులుతుంది, తక్కువైతే పలకదు. వేలితో తట్టి, ఆ మోత విని తెలుసుకోవడమే తప్ప దీనికి వేరే కొలత లేదు. ఒక చేతిలో లావాటి చిర్ర, ఇంకో చేతిలో సన్నటి పుల్ల. చిర్ర నడక చెబుతుంటే పుల్ల దాని సందులు నింపుతుంది. పక్క వీధిలో ఉన్నవాళ్లు కూడా ఆ దరువు విని ఊరేగింపు ఎంత దగ్గరికి వచ్చిందో చెప్పగలరు. ఇది పెద్ద విద్య. దీనికి దక్కాల్సిన గౌరవం ఇంకా దక్కలేదు.

ఆ తర్వాత సరి. పసుపు, కుంకుమ, బలి రక్తం కలిసిన ఆ ప్రసాదం కోసం జనం ఎగబడతారు. దొరికినంత తీసుకెళ్లి ఇంటి మీద, చేను మీద చల్లుకుంటారు. రోగం రాకూడదు, పంట పండాలి. తొలకరి పడి, నీళ్లు కొత్తవై, జ్వరాలు మొదలయ్యే నెల ఇది. గుడికి రానివాళ్ల గుమ్మానికి కూడా ఈ రక్ష చేరుతుంది. ఊర పండుగలో నాకు అన్నిటికన్నా గొప్పగా అనిపించేది ఇదే.

ఇంచుమించు ఇదే కాలంలో, జూలైలో, జపాన్‌లోని క్యోటోలో గియోన్ మత్సురి జరుగుతుంది. దాని పుట్టుక కూడా రోగభయంలోనే. క్రీ.శ. 869లో అంటువ్యాధులు చెలరేగినప్పుడు, దేశంలోని అప్పటి ప్రాంతాలకు ఒక్కొక్కటి చొప్పున 66 ఈటెలు నిలబెట్టి దేవతను శాంతింపజేశారు. ఆ ఈటెలే కాలక్రమంలో రథాలయ్యాయి. పెద్ద రథం 25 మీటర్ల దాకా లేస్తుంది, బరువు 12 టన్నుల దాకా ఉంటుంది. దాని చట్రానికి మేకులు కొట్టరు, దూలాలను గడ్డితాళ్లతో బిగిస్తారు. రోడ్డు కుదుపుకు తాడు కొద్దిగా సాగి, కర్ర విరగకుండా కాపాడుతుంది. మూల తిరగాలంటే చక్రాల కింద వెదురు బద్దలు పరిచి, నీళ్లు పోసి, ఒక్క కేకతో పక్కకు జారుస్తారు. అక్కడా ఇంటి రక్ష ఉంది. వెదురాకులతో కట్టిన చిమాకిని గుమ్మానికి ఏడాదంతా వేలాడదీస్తారు. ఒకప్పుడు వాటిని రథాల మీది నుంచి జనంలోకి విసిరేవారు. తొక్కిసలాట భయంతో ఆపేశారు.

క్యోటోలో ఏ వీధి రథాన్ని ఆ వీధివాళ్లే చూసుకుంటారు. తాడు ముడి దగ్గర నుంచి అన్నీ నేర్పుతారు, రాసిపెడతారు. 2009లో యునెస్కో ఆ ఊరేగింపును తన జాబితాలో చేర్చుకుంది. మన వడ్ల పనివాళ్ల చేతిలోని కొలతలను, డప్పు దరువులను కూడా ఎవరైనా కూర్చుని రాసుకోవాలి, చిత్రీకరించాలి. అందుకు యునెస్కో కోసం చూడక్కర్లేదు. ఒక కాలేజీ తెలుగు శాఖ, కెమెరా ఉన్న నలుగురు పిల్లలు తలుచుకుంటే చాలు.

చూడబోయేవాళ్లు శనివారమే నవీపేట్ సంత చూసుకుని నిజామాబాద్ చేరడం మంచిది. ఆదివారం పొద్దున్నే ఖిల్లా దగ్గరుంటే మూర్తులు కదలకముందు రంగులు, కర్రపని తీరిగ్గా చూడొచ్చు. తెల్లబట్టలు వేసుకోకండి, సరి మరక పోదు. పిల్లలను రోడ్డు మధ్యకు తీసుకెళ్లకుండా ఏదైనా అరుగు మీద నిలబెట్టండి. ఫోటో తీసేముందు మోసేవాళ్లను ఒక్క మాట అడగండి.