కర్బన అతివాహకములు: లిటిల్ ఊహలోని లోపము

1964లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమునకు చెందిన డబ్ల్యు. ఎ. లిటిల్ ఒక సాహసమైన ఊహను ప్రకటించెను. పొడవైన కర్బన అణువుల గొలుసును వెన్నెముకగా చేసి, దానికి ఎలక్ట్రానులు సులభముగా ఇటునటు జరుగు శాఖలను తగిలించినచో, గది ఉష్ణోగ్రత వద్దనే నిరోధము లేక విద్యుత్తు ప్రవహించునట! సీసము, పాదరసము వంటి లోహములలో ఎలక్ట్రానులను జతపరచునవి బరువైన పరమాణువుల కంపనములు. ఇచట ఆ పనిని తేలికైన ఎలక్ట్రానులే చేయును గనుక ఫలము హెచ్చుగా నుండవలెను. తర్కము చక్కనిదే. మరి లోపమెక్కడ?

జగిత్యాల నుండియో కోరుట్ల నుండియో సిరిసిల్లకు పోయి మరమగ్గమును చూచిన విద్యార్థికి ఇది త్వరగా బోధపడును. పడుగు ఎంత చక్కగా సాగదీసినను, పేక పడనిదే అది గుడ్డ కాదు. లిటిల్ గొలుసు ఒంటి పడుగుదారము. ఒకే దిశలో నడచు ఎలక్ట్రానుల క్రమమును ఉష్ణచలనము ఎక్కడ తాకినను తెంపివేయును. ప్రక్కనుండి ఆదుకొనువారు లేరు. పైగా అట్టి గొలుసు చల్లబడినపుడు అణువులు రెండేసిగా దగ్గరకు జరిగి, వాహకము కాస్తా బంధకముగా మారవచ్చునని పియర్ల్స్ అంతకుముందే చెప్పియుండెను.

1980లో ఫ్రాన్సులోని ఓర్సేలో డెనీ జెరోమ్ బృందము, డెన్మార్కు రసాయనవేత్త క్లాస్ బెక్‌గార్డ్ తయారుచేసిన లవణములో తొలి కర్బన అతివాహకత్వమును చూపెను. దీనిలో సెలీనియము గల పలకల వంటి అణువులు దొంతరలుగా పేరియుండును. ప్రతి రెండు అణువులు కలిసి ఒక ఎలక్ట్రానును ప్రక్కనున్న అయానుకు ఇచ్చివేయును. ఆ ఖాళీవలన మిగిలినవి కదలగలుగును. దొంతర వెంబడి ఆర్బిటళ్ల కలయిక బలమైనది, ప్రక్క దొంతరతో సుమారు పదవ వంతు మాత్రమే. ఆ పదవ వంతే పేక. అయినను అతివాహకత్వము కనిపించినది 0.9 కెల్విన్ వద్ద, అదియు సుమారు 12,000 వాతావరణముల పీడనము క్రింద. లిటిల్ ఆశించినది 300 కెల్విన్!

పీడనము లేనిచో ఈ లవణము 12 కెల్విన్ వద్దనే బంధకమగును. ఎలక్ట్రానుల స్పిన్‌లు పైకి, క్రిందికి అలవలె అమరిపోవును. ఇది ఒక విధమైన అయస్కాంతత్వము. పీడనముచే దొంతరలు దగ్గరైనపుడు ఆ అమరిక చెదరి, దాని స్థానముననే అతివాహకత్వము తలయెత్తును. ఎలక్ట్రానులను జతపరచునది ఈ స్పిన్‌ల చలనమేనని నేడు పలువురి అభిప్రాయము. లిటిల్ జతలు కూర్చినది ఆవేశముల కదలికతో. స్పిన్‌లకు ఆ పనిలో పాత్ర నీయలేదు. గొలుసు ఒంటిదగుటకంటె ఇదియే పెద్ద లోపము.

అయస్కాంతత్వము అతివాహకత్వమునకు శత్రువని పాఠములలో చెప్పుట పరిపాటి. తీవ్రమైన అయస్కాంత క్షేత్రము అతివాహకత్వమును నశింపజేయుట నిజమే. కాని ఇనుము గల ఒక కర్బన లవణము, క్షేత్రము లేనపుడు బంధకమైయుండి, పొరలకు సమాంతరముగా సుమారు 17 టెస్లాలకు మించిన క్షేత్రమునుంచినపుడు అతివాహకమగునని 2001లో జపాను శాస్త్రజ్ఞులు చూపిరి. లోపలి ఇనుము స్పిన్‌ల ప్రభావమును వెలుపలి క్షేత్రము సరిగా రద్దుచేయుటయే ఇందులకు కారణము.