గాజు బుడగలో రాకుమారి

మొన్న సెలవుల్లో మా అమ్మాయి చేతిలోంచి నింటెండో స్విచ్ లాక్కుని మరీ వొక పాత ఆట ఆడాను. పేరు ‘డ్రాగన్స్ లెయిర్’. పాతికేళ్ళ క్రితం మా అన్నయ్య కంప్యూటర్‌లో సీడీ పెట్టి ఆడి, కోట గుమ్మం దాటకుండానే పదిసార్లు చచ్చి, విసుగేసి వదిలేసిన ఆట. దీన్నీ, దీని తోబుట్టువులు రెండిటినీ కలిపి 2019లో స్విచ్‌కి తెచ్చారు. ఆటకి విమర్శేమిటి, ఈవిడకి వేరే పని లేదా అనుకోకండి. కథ వున్న చోటల్లా తప్పొప్పులెంచడం మా జాతి అలవాటు!

ఇది 1983లో అమెరికాలో, నాణెం వేస్తే ఆడించే పెట్టెగా వచ్చింది. మిగతా పెట్టెల్లో చుక్కలూ చదరాలూ పరుగెడుతుంటే, ఇందులో సాక్షాత్తూ కార్టూన్ సినిమా కదిలింది. ఊహ రిక్ డయ్యర్‌ది. బొమ్మలు 1979లో డిస్నీ కొలువు వదిలి బయటికొచ్చిన డాన్ బ్లూత్ బృందానివి. ఇరవై రెండు నిమిషాల బొమ్మంతా గ్రామఫోన్ రికార్డంత లేజర్ డిస్కులో వుండేది. సరైన క్షణంలో పుల్లని సరైన పక్కకి తోశారా, తరవాతి దృశ్యం. తప్పారా, చావు దృశ్యం. పక్క పెట్టెలకి పాతిక సెంట్లైతే దీనికి యాభై! డిస్కు మీద అటూ ఇటూ గెంతీ గెంతీ ఆ యంత్రాలు తరచూ మూలపడేవిట.

ఇప్పుడు నాణేల బాధ లేదు. ఎన్నిసార్లు చచ్చినా లేవచ్చు. ఏ బొత్తాం ఎప్పుడు నొక్కాలో తెరే చెబుతుంది. భయం పోయింది కనక తీరిగ్గా బొమ్మ చూశాను. చెప్పొద్దూ, ఎంత ముచ్చటేసిందో! వీరుడి పేరుకే ధీరుడైన డర్క్. నోట మాట రాదు, ప్రతి మలుపులోనూ హడిలిపోయి కెవ్వుమంటాడు. ఆ బెదురు చూపులు, తప్పు చేస్తే గుప్పెడు ఎముకలైపోవడం – చేత్తో గీసినవాళ్ళ పనితనం నలభై యేళ్ళకీ వన్నె తగ్గలేదు.

ఆటగా మాత్రం సన్నం. ఆలోచించడానికేం లేదు. ఎక్కం అప్పజెప్పినట్టు కుడి, ఎడమ, కత్తి అని కంఠతా పట్టడమే. మనం ఆడుతున్నామా, అది మనల్ని ఆడిస్తోందా అనిపిస్తుంది.

చివరికి డ్రాగన్ గుహలో గాజు బుడగలో బందీగా రాకుమారి డాఫ్నీ. వొంటిమీద బట్ట కంటే వొంపులే ఎక్కువ. డర్క్ రాగానే గుసగుసగా చెబుతుంది – బుడగకి తాళం వుంది, తాళంచెవి డ్రాగన్ మెడలో వుంది, దాన్ని చంపేది ఫలానా మంత్రఖడ్గం – అని. అక్కడ మా అమ్మాయి అడిగింది: “అన్నీ తెలిసింది తనకే కదమ్మా, మరి తనెందుకు ఆడదు?”

నిజమే కదండీ! కోటంతా తిరిగినవాడికి తెలియనిది, కదలకుండా కూచున్న పిల్లకి తెలుసు. కానీ బొత్తాం ఆమె చేతికివ్వలేదు. మన బాలనాగమ్మ నయం. నోము పేరు చెప్పి మాయల ఫకీరుని యేళ్ళ తరబడి దూరంగా వుంచింది, వాడి ప్రాణం చిలకలో వుందని వాడి నోటే చెప్పించింది. డాఫ్నీకి ఆపాటి పని కూడా లేదు. 1991 నాటి రెండో భాగంలో ఆమెకి డర్క్‌తో పెళ్ళయి ఇల్లు నిండా పిల్లలు. అయినా మళ్ళీ మాంత్రికుడు ఎత్తుకుపోయాడు! ఈసారి అత్తగారు అప్పడాల కర్ర పుచ్చుకుని అల్లుణ్ణి తరుముతుంది. నన్నడిగితే ఆవిడే నయం.

బ్లూత్‌ని అనేసి చేతులు దులుపుకుందామనుకున్నాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నా మొదటి సీరియల్‌లో నాయిక కూడా అంతే. చదువుకుంది, భర్త తప్పులన్నీ తెలుసు, ఇల్లు నిలబెట్టే దారీ తెలుసు. నలభై వారాలు కిటికీ దగ్గర నిలబెట్టి, అతను మారేదాకా ఎదురుచూపించాను. ఆ ఎదురుచూపుకే కన్నీళ్ళొచ్చాయని మీలో ఎందరో ఉత్తరాలు రాశారు. మురిసిపోయాను కూడా. అది గాజు బుడగేనని అప్పుడు తోచలేదు.

పొద్దున్నే లేచి, రాస్తున్న నవల తీశాను. పదకొండో ప్రకరణంలో జానకి మళ్ళీ కిటికీ దగ్గరే వుంది. ఆ పేజీ కొట్టేశాను. ఇప్పుడావిడ చేతిలో బస్సు టికెట్టుంది. ఎక్కడికి వెడుతుందో నాకూ తెలీదు. ఈ ఆటకి మాత్రం కంఠతా పట్టిన జవాబు లేదు లెండి!