“నేను పుట్టనే లేదా, నాయనా?”

మా వంశవృక్షం మొదటి ప్రతి చూసి మా మేనత్త ఒక్కటే మాట అడిగింది: “ఏంది నాయనా, నేను పుట్టనే లేదా?”

మూడేళ్లు తిరిగి కూర్చిన లెక్క అది. ఏడు తరాలు, మూడు వందల పైచిలుకు పేర్లు. గిద్దలూరులో జిరాక్సు తీయించి, పెళ్లింట్లో పెద్దల చేతుల్లో పెట్టాను. మగవాళ్లంతా తమ పేర్లు వెతుక్కుని మురిసిపోతున్నారు. మేనత్త కళ్లద్దాలు సర్దుకుని, వాళ్ల నాయన పేరు కింద వేలు పెట్టింది. అక్కడ నలుగురు కొడుకులున్నారు. ముగ్గురు కూతుళ్లలో ఒక్కరూ లేరు.

తప్పు నాదే. కాగితంలో ఉన్నదే నిజమనుకున్నాను. మన పాత దస్త్రాలన్నీ చేను కోసం, శిస్తు కోసం పుట్టినవి. 1800లో నిజాం ఈ సీమను కుంఫిణీకి దత్తం చేశాక, కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో భూములు కొలిపించి రైతువారీ పద్ధతి పెట్టాడు. ఏ చేను ఎవరిది, శిస్తు ఎవరు కడతారు అన్నది సర్కారుకు తెలిస్తే చాలు. ఆ రైతు ఇంట్లో ఎంతమంది ఆడపిల్లలున్నారో అడిగే పని అమీనుకు లేదు.

ఆ కాగితాలైనా ఒకచోట దొరుకుతాయా అంటే అదీ లేదు. మా ఇల్లు కదల్లేదు గానీ జిల్లాలు కదిలాయి. కుంఫిణీ మొదటి రోజుల్లో కంభం, మార్కాపురం కడప జిల్లా కింద ఉండేవి. 1858లో కర్నూలు జిల్లాను ఏర్పాటు చేసినప్పుడు అందులో చేరాయి. 1970 ఫిబ్రవరి 2న ఒంగోలు జిల్లాలోకి వచ్చాయి. 1972లో ఆ జిల్లాకు ప్రకాశం పేరు పెట్టారు. మా జేజినాయన ఇంటి అరుగు మీద నుంచి లేవకుండానే రెండు జిల్లాలవాడయ్యాడు. ఆయన ముత్తాత కోసమైతే కడప లెక్కల్లో కూడా వెతకాలి. 1858కి ముందు కంభం నుంచి ఎవరైనా మారిషస్ చెరుకు తోటలకు కూలికి పోయి ఉంటే, వాళ్ల కాగితాల్లో జిల్లా గళ్లో కడప అనే ఉండాలి. వాళ్ల వారసులు ఈనాడు కడపలో వాకబు చేస్తే ఊరి పేరే దొరకదు.

కాగితం దొరికాక చదవడం ఇంకో విద్య. తారీఖులు ఫసలీల్లో ఉంటాయి. ఫసలీకి 590 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. అది జూలైలో మొదలవుతుంది కాబట్టి ఫసలీ 1318 అంటే 1908 జూలై నుంచి 1909 జూన్ దాకా. ఊరి భూముల డైగ్లాట్ రిజిస్టరులో సర్వే నంబరు పట్టుకుని పట్టాదారు పేరు తెలుసుకోవాలి. ఆ నంబరు మీదే అడంగల్‌లో ఏడాది తర్వాత ఏడాది దిగి రావాలి. తండ్రి పేరు పోయి కొడుకు పేరు వచ్చిన ఏడాదికి కాస్త ముందే ఆ ఇంట్లో చావు జరిగి ఉంటుంది. గుడి మాన్యాలో, సర్వీసు ఇనాములో ఉన్న కుటుంబాలది మెరుగైన అదృష్టం. 1858లో వేసిన ఇనాం కమిషన్ రాయించిన రిజిస్టర్లలో అనుభవదారుడి వయసు, అతని వారసుల వివరం కూడా కనపడతాయి.

పేర్ల దగ్గర అసలు గండం. అహోబిలం నరసింహుడు మాకు దగ్గర కాబట్టి ఇంటికో ఓబయ్య. మార్కాపురం చెన్నకేశవుడు చెన్నయ్యల్ని ఇచ్చాడు, నెమలిగుండ్ల రంగనాయకుడు రంగయ్యల్ని ఇచ్చాడు. తాత పేరు మనవడికి పెట్టడం ఆచారం కాబట్టి ప్రతి రెండో తరం అదే పేరు. ఒకే తరంలో పెద్ద ఓబయ్య, నడిపి ఓబయ్య, చిన్న ఓబయ్య. కరణం గారు తొందరలో ‘నడిపి’ ఎగరగొట్టాడంటే ఇద్దరన్నదమ్ములు ఒకడైపోతారు. నేను అట్లా ఒక మనిషిని నూట పదేళ్లు బతికించాను. తీరా చూస్తే వాళ్లు తాతా మనవడు.

ఇంకో సంగతి అనుభవం మీద తెలిసింది. తగాదాకోర్లే వంశాన్ని కాపాడారు. భాగాల దావా పడితే వాదపత్రంతోపాటు వంశవృక్షం గీసి కోర్టుకివ్వాలి. గట్టు కోసం పాతికేళ్లు కొట్లాడుకున్న మా పెద్దల శాఖ నాలుగు తరాలు చెక్కు చెదరకుండా దొరికింది. అప్పు చేయకుండా, గట్టు జరపకుండా, ఎవరి జోలికీ పోకుండా బతికిన మా ఇంకో శాఖలో ముత్తాత పేరు కూడా దొరకలేదు. సెంటు భూమి లేని వాళ్ల సంగతి చెప్పక్కర్లేదు.

కొన్ని శాఖలు మాత్రం ఒక్కసారిగా తెగిపోతాయి. ఏ ఏటికాడ తెగిందో చూస్తే ఎక్కువగా 1876–78 నాటి ధాత కరువు తగులుతుంది. 1871లో తొమ్మిది లక్షలకు పైగా ఉన్న కర్నూలు జిల్లా జనం 1881 లెక్కల నాటికి ఏడు లక్షల లోపుకు పడిపోయారు. ఆ పదేళ్ల తర్వాత పట్టాలో వేరే ఇంటిపేరు కనపడితే కింద ఒక గీత గీసి ఆగిపోవడమే నేను చేయగలిగింది.

కాగితం చేతులెత్తేసిన చోట నోరు పనిచేసేది. పంటల మీద పిచ్చిగుంట్లవాళ్లు, ఇప్పుడు వంశరాజులంటున్నాం, వాకిట్లోకి వచ్చి ఇంటిపేరు, గోత్రం, మూలపురుషుడు వరసగా చెప్పి గింజలు పెట్టించుకునేవాళ్లు. మాదిగల వంశాలు చెప్పడానికి డక్కలివాళ్లుండేవాళ్లు. 1984లో కరణాల పదవులు రద్దయ్యేటప్పటికే వాకిట్లో ఈ పాటలు పలచబడ్డాయి. కరణం గారి కవిలె కట్టలైనా ఎక్కడో ఒక అటక మీద మిగిలాయి. పాటకు అటక లేదు.

మేనత్త మాట పడ్డాక అవే కాగితాలు మళ్లీ తిరగేశాను, ఈసారి ఆడవాళ్ల కోసం. మొగుడు పోయి మైనరు కొడుక్కి సంరక్షకురాలైనప్పుడు కనపడ్డారు. పుట్టింటివాళ్లు పసుపు కుంకుమల కింద చెక్క రాసిచ్చినప్పుడు కనపడ్డారు. అక్కడా ‘ఫలానా వారి భార్య’ అని ఉండి, కింద వేలిముద్ర. 1986లో మన రాష్ట్రం వారసత్వ చట్టాన్ని సవరించి, 1985 సెప్టెంబరు 5 నాటికి పెళ్లికాని కూతుళ్లకు ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమాన హక్కు ఇచ్చింది. అప్పటి నుంచి మా దస్తావేజుల్లోకి ఆడపిల్లల పేర్లు వచ్చాయి. నేను చూసినవాటిలో ఎక్కువ భాగం హక్కు విడుదల పత్రాలే. మా మేనత్త పెళ్లి అంతకు ఎంతో ముందే అయిపోయింది. ఆ సవరణ కూడా ఆమెను దాటిపోయింది.

ఇక పలక, బలపం తీసుకుని ఆమె దగ్గరే కూర్చున్నాను. పలక ఎందుకంటే మాది మేనరికాల ఇల్లు. అక్క కూతురిని చేసుకున్నవాడు ఆమెకు మామా అవుతాడు, మొగుడూ అవుతాడు. కొమ్మలు కిందికి దిగి మళ్లీ కలుస్తాయి. కాగితం మీద కొట్టివేతలే మిగులుతాయి. మార్కాపురం పలక మీదైతే తుడిచి మళ్లీ గీయొచ్చు.

ఆమె చింతపండులో గింజలు తీస్తూ చెప్పుకుపోయింది. ఎవరి కాన్పుకు ఎవరు వచ్చారు, ఎవరి బిడ్డకు ఎవరు పాలిచ్చారు, ఏ వేసవిలో ఎవరు పోయారు. ఒక్క పూటలో ఇరవై ముగ్గురు ఆడవాళ్ల పేర్లు. వాళ్లలో ఇద్దరు మాత్రమే నా దస్త్రాల్లో ఉన్నారు, ఆ ఇద్దరూ వితంతువులుగా.

పలక నిండింది. కాగితం మీదికి ఎక్కించుకుంటుంటే ఆమె చేతులు దులుపుకుని అడిగింది: “మా అత్తగారింట్లో గూడా ఎవురో ఇట్టాంటి బుక్కు రాస్తాండారంట. నన్ను కోడలి కింద ఏసినారో లేదో రేపు పొయ్యి చూసొస్తావా?”

పోదామన్నాను. పలక తుడిచి సంచిలో పెట్టుకున్నాను.