రాత్రిబాటపై రౌతు

ఒంటరి బాటపై నడిరేయి గుఱ్ఱపు డెక్కల చప్పుడు వినవచ్చుట, రౌతులు కనబడి మాయమగుట అను కథాంశము పలు దేశములందున్నది. యాకబ్ గ్రిమ్ 1835లో ప్రకటించిన జర్మను పురాణగాథల గ్రంథమున దీనిని చర్చించెను. స్టిత్ థాంప్సను తన కథాంశసూచిలో ప్రేతవేటకు ఇ 501 అను సంఖ్య నొసగెను. ఆ సంఖ్యనే మన కథలకును తగిలించి పని ముగిసినదనుకొనుట సమంజసము కాదని మా అభిప్రాయము.

కరీంనగరు, ఆదిలాబాదు సీమలలో ఇట్టి కథ వినవచ్చినచో, ఆ నేల ఎఱిగిన రౌతులెవరని ముందు విచారింపవలెను. మొదటివాడు మల్లన్న. 2016 వఱకు కరీంనగరు జిల్లాలోనుండి, పిదప పెద్దపల్లి జిల్లాలో చేరిన ఓదెల ఆయన క్షేత్రము. పంచరంగుల పట్నము వేసి కొలుచు ఒగ్గువారు గొల్ల కేతమ్మ, బలిజ మేడలమ్మల కథలను డోలు తాళములతో చెప్పుదురు. మహారాష్ట్రమున ఖండోబాగా, కన్నడసీమలో మైలారునిగా పూజలందు ఈ దేవుడు గుఱ్ఱమెక్కినవాడు. ఖండోబా చెంత కుక్కయు నుండును. ఆయన వేటకు వెడలిన కథయు కలదు. గుఱ్ఱము, కుక్క, వేట అను ప్రేతవేట లక్షణములన్నియు ఇచట నున్నవి; కాని ఇతడు ప్రేతము కాడు, ఇలవేలుపు.

రెండవవాడు వీరగల్లుపై రౌతుగా చెక్కబడిన వీరుడు. ఇతడు మృతుడే, అయినను పూజ్యుడు. ఇక తమిళసీమలో అయ్యనారు రాత్రివేళ గుఱ్ఱముపై ఊరు కాయునను నమ్మికను వైట్‌హెడ్ 1916లో వ్రాసియున్నాడు. అచటి మట్టిగుఱ్ఱములు ఆ కావలికే. అనగా రౌతు రూప మొక్కటియే, అర్థములు వేఱు.

ఆదిలాబాదు గోండుల విషయమున మఱింత జాగరూకత వలయును. పర్ధానుల గానము వంశముతోను, కులదైవపు కొలుపుతోను ముడివడినదని హైమెండార్ఫ్ 1948 నాటి గ్రంథము వలన తెలియును. కావున గోండు కథను మల్లన్న కథగా చదువుటయు దోషమే.

మఱి భేదమును గుర్తించు టెట్లు? రౌతును చూచినవాడు చేతులు జోడించెనా, తలుపు మూసికొనెనా, మ్రొక్కు చెల్లించెనా అనునదే గీటురాయి. "దయ్యాల కథలు" అను శీర్షిక క్రింద ఈ వివరము విడిచి అచ్చువేసినచో, దేవుడు, వీరుడు, ప్రేతము ఒక్కటైపోవుదురు. దీపములు, మోటారు బండ్లు వచ్చిన బాటలపై రేయి కాలినడకన పోవువారు అరుదైరి. కథ నిలిచినను, చూచినవాని నడవడి మఱపునకు వచ్చును. సేకర్తలు ముందుగా వ్రాసికొనవలసినది దానినే.