గిటార్‌ను పలికించే చేతులు

ఎలక్ట్రిక్ గిటార్ల కొట్టులో నా చెయ్యి ముందు ఫెండర్ స్ట్రాటోకాస్టర్ మీదికే పోతుంది. గిబ్సన్ లెస్ పాల్ స్కేల్ పొడవు 24.75 అంగుళాలు, స్ట్రాట్‌ది 25.5. ఆ ముప్పాతిక అంగుళంతో తీగలు ఇంకాస్త బిగువుగా ఉంటాయి, నాకా బిగువు ఇష్టం. లెస్ పాల్ హంబకర్ల నిండైన గొంతూ ఇష్టమే. కానీ ఏ బ్రాండైనా చేతిలో ఒదిగేలా చేసేది కొట్టు వెనక బల్ల దగ్గర సెటప్ చేసే ఆయన. మొదటి మెట్టునూ చివరి మెట్టునూ ఒకేసారి నొక్కిపట్టి, ఏడో మెట్టు దగ్గర తీగ కింద సందు చూస్తారు. వానాకాలపు చెమ్మకు మెడ కదిలిందని తేలితే, లోపలి ట్రస్ రాడ్‌ను అలెన్ కీతో కొద్దిగా, మహా అయితే పావు చుట్టు, తిప్పి ఆగుతారు. చెక్క సర్దుకోవాలి కదా! తర్వాత పన్నెండో మెట్టు దగ్గర తీగను తాకీ తాకకుండా ఒకసారి, నొక్కి ఒకసారి మీటుతారు. నొక్కిన స్వరం రవ్వంత పైకి పోతే బ్రిడ్జి మీది శాడిల్‌ను వెనక్కి జరుపుతారు. ఇలా ఆరు తీగలకూ. ఎంత ఓపిక! ఈ సెటప్ అంతా అయ్యాక, కొత్తగా నేర్చుకునే పిల్లల వేళ్లు బార్ కార్డ్ దగ్గర అంతగా నొప్పెట్టవు. కొట్టులో గిటార్ నచ్చకపోతే వెంటనే బ్రాండ్‌ను తీసిపారేయకండి. సెటప్ చేయించి ఇంకోసారి వాయించి చూడండి.